స్టే దొరికిన నాడే సగం తీర్పు

చిన్న పెట్రోలు ఇంజిన్‌కు ఒక స్పార్క్ ప్లగ్ చాలా, రెండు కావాలా? మెకానిక్ షెడ్డులో టీ చల్లారేలోగా తేలిపోయే ఈ ప్రశ్న చెన్నైలో పన్నెండేళ్లు నలిగింది. 125 సీసీ ఇంజిన్‌తో ఫ్లేమ్ అనే బైకు తెస్తున్నట్టు 2007లో టీవీఎస్ మోటార్ ప్రకటించింది. చిన్న ఇంజిన్‌లో జంట ప్లగ్గుల అమరికపై పేటెంటు తనదని, 2002లో దరఖాస్తు పెట్టి 2005లో సాధించుకున్నానని బజాజ్ ఆటో అడ్డుపడింది. ఆధారం లేని బెదిరింపులను ఆపించాలంటూ టీవీఎస్ ముందుగా మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. పేటెంటు ఉల్లంఘన జరిగిందంటూ బజాజ్ వెనకే వచ్చి మరో దావా వేసింది.

2008 ఫిబ్రవరి 16న సింగిల్ జడ్జి బజాజ్ కోరిన మధ్యంతర ఇంజంక్షన్, అంటే కేసు తేలేదాకా ఆ బైకును ఆపే ఉత్తర్వు, ఇచ్చారు. టీవీఎస్ చేతులు కట్టుకుని కూర్చోలేదు. రెండో ప్లగ్గు తీసేసి, ఒకే ప్లగ్గుతో ఫ్లేమ్‌ను ఆ ఏడాదే బజారులోకి వదిలింది. 2009 మే 18న డివిజన్ బెంచి ఆ ఇంజంక్షన్‌ను కొట్టేసింది. సెప్టెంబరు 16న సుప్రీంకోర్టు మధ్యేమార్గం పట్టింది. బైకు అమ్ముకోవచ్చు, కానీ అమ్మిన ప్రతి బండికీ లెక్క రాసిపెట్టాలి, ఆ లెక్క చూడటానికి కోర్టు తరఫున ఒక రిసీవర్ ఉండాలి. దాంతోపాటే దేశంలోని కోర్టులన్నిటికీ ఒక మాట చెప్పింది. పేటెంటు, ట్రేడ్‌మార్కు, కాపీరైటు కేసులను రోజువారీగా విచారించాలి, దావా పడిన నాటి నుంచి మామూలుగా నాలుగు నెలల్లో తుది తీర్పు ఇచ్చేయాలి.

ఆ నాలుగు నెలలు పదేళ్లయ్యాయి. 2019 అక్టోబరులో రెండు సంస్థలూ రాజీపడ్డాయి. బజాజ్ పేటెంటు చెల్లుతుందా, టీవీఎస్ దాన్ని ఉల్లంఘించిందా అన్న రెండు ప్రశ్నలకూ తుది తీర్పు రానే లేదు. రెండు ప్లగ్గుల బైకు ఒక ప్లగ్గుతో షోరూమ్‌కు వచ్చిన రోజే ఆ కేసులో అసలు తీర్పు అమలైపోయిందనుకోవాలి.

పేటెంట్ల మాట ఎత్తితే వినిపించేవి రెండు: ఆవిష్కర్తకు దక్కిన గౌరవం, దేశం పద్దులో పెరిగిన అంకె. 2023-24లో మన పేటెంటు కార్యాలయం లక్షకు పైగా పేటెంట్లు మంజూరు చేసింది. అంకె పెరగడం మంచిదే, దాని మీద ఎవరికీ పేచీ లేదు. కానీ టెక్నాలజీ పరిశ్రమను కదిలించేది ఆ అంకె కాదు. ఏ పేటెంటు పట్టుకుని ఎవరు ఎవరి మీద ఏ కోర్టుకు వెళ్లారు, తుది తీర్పు రాకముందే మధ్యలో ఏ ఉత్తర్వు తెచ్చుకున్నారు అన్నది కదిలిస్తుంది. మన దేశంలో పేటెంటు కేసు గెలవడమంటే చాలాసార్లు మధ్యంతర ఉత్తర్వు గెలవడమే. ఆ తర్వాత జరిగే విచారణ వకీళ్లకు మిగిలిన పని.

పేటెంటు చేతికొస్తే వస్తువు తయారు చేసుకునే హక్కు వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. చట్టం ఇచ్చేది అది కాదు. 1970 నాటి పేటెంట్ల చట్టంలోని 48వ సెక్షన్ ఇచ్చేది ఇతరులను ఆపే హక్కు. గడువు దరఖాస్తు నాటి నుంచి ఇరవై ఏళ్లు. ఆపాలంటే ముందు హద్దు తెలియాలి. పొలం గట్టు తగాదా వస్తే సర్వేయరు గొలుసు పట్టుకొచ్చి కొలుస్తాడు, రాళ్లు పాతి వెళతాడు. పేటెంటుకు హద్దురాళ్లు మాటలే. దరఖాస్తు చివర క్లెయిములు అనే వాక్యాలు వరస నంబర్లతో ఉంటాయి. ఒక్కో క్లెయిము ఎంత పొడవున్నా ఒకే వాక్యం. ఫ్లేమ్ కేసులో వాదనంతా ఆ వాక్యాల చుట్టూనే తిరిగింది. సిలిండర్ లోపలి వ్యాసం 45 నుంచి 70 మిల్లీమీటర్ల మధ్య ఉన్న చిన్న ఇంజిన్, అందులో జంట ప్లగ్గులు అని బజాజ్ గీత గీసింది. తమది మూడు వాల్వుల ఇంజిన్, బజాజ్‌ది రెండు వాల్వులది, రెండూ ఒకటెలా అవుతాయని టీవీఎస్ అడిగింది. అసలు జంట ప్లగ్గులు హోండా పాత అమెరికా పేటెంటులోనే ఉన్నాయని కూడా వాదించింది. ఈ ఆవిష్కరణకు వాల్వుల సంఖ్యతో పనిలేదని బజాజ్ జవాబు. ఇంజినీరు దృష్టిలో ఇది మంట ఎలా పాకుతుందన్న ప్రశ్న. కోర్టు దృష్టిలో ఒక వాక్యాన్ని ఎక్కడిదాకా సాగదీయవచ్చన్న ప్రశ్న.

ఈ వ్యవహారంతో తెలుగువారిది దూరపు చుట్టరికం కాదు. పేటెంటు కార్యాలయానికి కోల్‌కతా ప్రధాన కేంద్రం కాగా ఢిల్లీ, ముంబై, చెన్నైలలో శాఖలున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, కేరళ, తమిళనాడు దరఖాస్తులన్నీ చెన్నై గిండీలోని శాఖ పద్దులోకే వస్తాయి. విజయవాడలో కూర్చుని ఆన్‌లైన్‌లో నింపినా, మాదాపూర్‌లో నింపినా చిరునామా గిండీదే. కాగితం పరీక్షించే అధికారి మరో నగరంలో ఉండవచ్చు, అది వేరే సంగతి. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలిసేదాకా కోస్తా, సీమ జిల్లాల వ్యాజ్యాలు ప్యారిస్ కార్నర్ దగ్గరి మద్రాసు హైకోర్టు ఎర్ర భవనానికే వెళ్లేవి. గిండీ శాఖ తోసిపుచ్చిన దరఖాస్తుల మీద అప్పీళ్ల రూపంలో తెలుగువారి కాగితాలు ఇప్పుడు మళ్లీ అదే భవనం మెట్లెక్కుతున్నాయి.

గిండీ ముద్ర పడితే చాలు, పేటెంటు చెల్లినట్టేనా? కాదని చట్టమే చెబుతోంది. పేటెంటు మంజూరు చేసినంత మాత్రాన అది చెల్లుతుందని ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదని 13వ సెక్షన్‌లోని 4వ ఉపసెక్షన్ తేల్చేసింది. దీనికి పాత కేసు ఒకటుంది. ఇత్తడి పాత్రలను చిత్రిక పట్టేటప్పుడు కదలకుండా పట్టి ఉంచే సాధనం మీద ఒక సంస్థకు పేటెంటు ఉండేది. అది 1951 నాటిది. పోటీదారు మీద వేసిన దావా కింది నుంచి పైదాకా పాకి, 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు దగ్గర ఆగింది. అందులో కొత్త ఆవిష్కరణేమీ లేదని, పాత పనిముట్టుకే చిన్న సవరణ అని కోర్టు పేటెంటును రద్దు చేసింది. అప్పటికి ఆ పాత్రలు కొన్న ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లయి ఉంటారు.

చెల్లుబాటు తేలేదాకా మార్కెట్ ఆగదు కాబట్టి వాది ముందుగా అడిగేది ఇంజంక్షన్. జనం మాటలో స్టే. దానికి కోర్టు మూడు సంగతులు చూస్తుంది. ప్రథమ దృష్ట్యా వాది కేసులో పస ఉందా, ఉత్తర్వు ఇస్తే ఎక్కువ ఇబ్బంది ఎవరికి, ఇవ్వకపోతే జరిగే నష్టం తర్వాత డబ్బుతో పూడేదేనా. ఈ మూడూ తూకం వేసే సమయానికి సాక్షుల విచారణ జరగదు, నిపుణుల క్రాస్ ఎగ్జామినేషన్ జరగదు. కొన్నిసార్లు ప్రతివాది కోర్టులోనే ఉండడు. దీనికి తోడు వాణిజ్య కోర్టుల చట్టంలోని 12ఏ సెక్షన్ ప్రకారం దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి, అత్యవసర ఉపశమనం కోరితే మాత్రం మినహాయింపు. అందువల్ల స్టే అడగడం ఎత్తుగడ మాత్రమే కాదు, కోర్టు గుమ్మం తొందరగా దాటే దారి కూడా అయింది.

తుది తీర్పుకు ముందే ఎంత జరిగిపోతుందో చూపించే ఉదాహరణ చెన్నైలోనే మరొకటి ఉంది. దాంతో ఇక్కడి తెలుగువారికి జేబు సంబంధం ఉంది. రోమింగ్ చార్జీలు బిల్లును కొరికే రోజుల్లో చదువుకో, కూలి పనికో, ఉద్యోగానికో చెన్నై చేరిన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి రెండు నంబర్లు ఉండేవి. ఇంటివాళ్లు ఫోన్ చేయడానికి ఆంధ్రా సిమ్ ఒకటి, ఇక్కడ వాడుకోవడానికి తమిళనాడు సిమ్ ఒకటి. రెండు ఫోన్లు మోయడమో, బ్యాటరీ ఊడదీసి సిమ్ మార్చి మళ్లీ బిగించడమో చేయాలి. రెండు సిమ్‌ల ఫోన్లు వచ్చాక ఆ బాధ పోయింది. రిచీ స్ట్రీట్, బర్మా బజార్ దుకాణాల్లో చవక ఫోన్ అంటేనే రెండు సిమ్‌ల ఫోన్ అన్నట్టయింది.

వేర్వేరు నెట్‌వర్కులకు చెందిన ఒకటికి మించిన సిమ్‌లతో పనిచేసే ఫోన్ మీద మదురైకి చెందిన ఒక ఆవిష్కర్తకు 2008లో పేటెంటు వచ్చింది. ఆయన కోర్టుకు వెళ్లడంతో ఊరుకోలేదు. దిగుమతి సరుకులో మేధోహక్కుల ఉల్లంఘన ఉంటే రేవులోనే ఆపేందుకు 2007లో కేంద్రం కస్టమ్స్ నిబంధనలు తెచ్చింది, వాటిలో పేటెంట్లు కూడా ఉన్నాయి. ఆయన తన పేటెంటును కస్టమ్స్ దగ్గర నమోదు చేయించారు. 2009లో రెండు సిమ్‌ల ఫోన్ల పెట్టెలు కస్టమ్స్ గోదాముల్లో ఆగిపోయాయి. ఫోన్ లోపల ఏముందో, అది క్లెయిములోని వాక్యానికి సరిపోతుందో లేదో తేల్చాల్సిన పని సుంకం వసూలు చేసే అధికారి నెత్తిన పడింది. హైకోర్టు జడ్జికే ఏళ్లు పట్టే పని ఇది. శాంసంగ్ వేసిన పిటిషన్ మీద మేధోసంపత్తి అప్పీళ్ల బోర్డు 2012 జూన్‌లో ఆ పేటెంటును రద్దు చేసింది. అప్పటికే తెలిసిన సంగతుల నుంచి నిపుణుడెవరైనా ఊహించగలిగినదే తప్ప ఇందులో ఆవిష్కరణ అడుగు లేదన్నది కారణం.

అదే ఏడాది, లేజర్‌తో గుర్తులు వేసే పద్ధతికి సంబంధించిన మరో వివాదంలో, పేటెంటు ఉల్లంఘన తేల్చడం కస్టమ్స్ పని కాదని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2018 జూన్‌లో కేంద్రం ఆ నిబంధనల నుంచి పేటెంట్లను తీసేసింది. పదకొండేళ్ల తర్వాత తప్పు దిద్దుకున్నారు. ఇక్కడ ఆవిష్కర్తను తప్పుపట్టడం సులువు గానీ న్యాయం కాదు. చట్టం ఒక తలుపు తెరిచిపెట్టింది, ఆయన అందులోంచి నడిచారు. పేటెంటు గట్టిదా, డొల్లదా అన్నది తేలడానికి ముందే సరుకు ఆపగలిగేలా తలుపు పెట్టినవాళ్లదే లోపం.

ఆ అప్పీళ్ల బోర్డు కథ కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని ప్రధాన కార్యాలయం చెన్నై అన్నాసాలైలోనే ఉండేది. పేటెంటు అప్పీళ్లు 2007 ఏప్రిల్ నుంచి దాని చేతికి వచ్చాయి. హైదరాబాదుకు చెందిన నాట్కోకు కేన్సర్ మందు మీద దేశంలోనే తొలి తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకపోయినా తయారుచేసుకునే అనుమతి, దక్కాక, ఆ అప్పీలు విని రాయల్టీని 6 నుంచి 7 శాతానికి పెంచింది ఈ బోర్డే. నిపుణుల ట్రిబ్యునల్ ఉంటే కేసులు త్వరగా తేలుతాయన్నది దాన్ని పెట్టిన ఉద్దేశం. కానీ 2016 మే నుంచి 2018 జనవరి దాకా దానికి ఛైర్మనే లేడు. కుర్చీ ఖాళీగా ఉన్న ట్రిబ్యునల్‌లో దరఖాస్తుదారుకు వాయిదాల తేదీలు కూడా సరిగా దొరకవు. 2021 ఏప్రిల్‌లో బోర్డును ఎత్తేసి కేసులను హైకోర్టులకు పంపారు. ఢిల్లీ హైకోర్టు ఆ జులైలోనే మేధోసంపత్తికి ప్రత్యేక విభాగం పెట్టుకుంది. మద్రాసు హైకోర్టు 2023 ఏప్రిల్‌లో నిబంధనలు ప్రకటించింది.

అసలు పెద్ద డబ్బు తిరిగేది ఫోన్‌లో. అది 2జీకో 4జీకో కలవాలంటే ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక ప్రమాణాన్ని పాటించాలి. ఆ ప్రమాణంలో ఇమిడిపోయిన పేటెంట్లు కొన్ని ఉంటాయి. వాటిని తప్పించుకుని ఫోన్ తయారు చేయడం కుదరదు. టీవీఎస్ రెండో ప్లగ్గు తీసేసినట్టు ఎవరూ 3జీని తీసేయలేరు. అందుకే ఆ పేటెంట్ల యజమానులు న్యాయమైన, వివక్ష లేని షరతులతో అందరికీ లైసెన్సు ఇస్తామని ప్రమాణాల సంస్థలకు ముందే మాటిస్తారు. న్యాయమైనది ఎంత అన్న దగ్గర తగువు మొదలవుతుంది.

ఆ తగువులో భారత ఫోన్ పరిశ్రమకు 2013 మలుపు. మైక్రోమ్యాక్స్‌పై స్వీడన్ టెలికం సంస్థ ఎరిక్సన్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, తర్వాత ఇంటెక్స్, షావోమీ, లావాల మీద కేసులు వరస కట్టాయి. షావోమీది చూడదగ్గ ఉదంతం. 2014 డిసెంబరు 8న, ప్రతివాది మాట వినకముందే, దాని ఫోన్ల దిగుమతిని, అమ్మకాన్ని ఆపేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఎనిమిది రోజుల తర్వాత కొంత సడలింపు దొరికింది. క్వాల్‌కామ్ చిప్ ఉన్న ఫోన్లు అమ్ముకోవచ్చు, ఒక్కో ఫోన్‌కు 100 రూపాయల చొప్పున డిపాజిట్ చేయాలి. ఎరిక్సన్ దగ్గర క్వాల్‌కామ్‌కు లైసెన్సు ఉందన్నది షావోమీ వాదన. మీడియాటెక్ చిప్ పెట్టిన మోడల్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒకే సంస్థ, ఒకే పేరు, చూడటానికి ఒకేలాంటి పెట్టె. లోపలి చిప్‌ను బట్టి ఒకటి అమ్మకానికి, మరొకటి గోదాముకు. మరుసటి ఏడాది ఆగస్టులో షావోమీ తొలి భారతీయ తయారీ ఫోన్, రెడ్‌మీ 2 ప్రైమ్, చెన్నైకి ఉత్తరాన తడ దగ్గరి శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ లైన్ల మీద తయారై విశాఖపట్నంలో విడుదలైంది. అందులో ఉన్నది క్వాల్‌కామ్ చిప్పే. చిప్ ఎంపికకు కారణాలు చాలా ఉంటాయి, కోర్టు ఉత్తర్వు ఒక్కటే అనలేం. కానీ ఫోన్ తయారుచేసే ఏ సంస్థా ఆ ఎనిమిది రోజులను మరిచిపోయి చిప్ కొని ఉండదు.

లావా కేసు రెండో కొస. 2015లో దావా, 2024 మార్చి 28న తీర్పు. ఎరిక్సన్ ముందుకు తెచ్చిన 8 పేటెంట్లలో 7 చెల్లుతాయని తేల్చి, 2011 నుంచి 2020 దాకా అమ్మిన ఫోన్ల నికర ధర మీద 1.05 శాతం లెక్కగట్టి, ఢిల్లీ హైకోర్టు లావాను సుమారు 244 కోట్ల రూపాయలు చెల్లించమంది. గమనించాల్సిన సంగతి ఆ లెక్కకు మూలం. పేటెంటు పనిచేసేది చిప్‌లో, రాయల్టీ పడేది ఫోన్ మొత్తం ధర మీద. కెమెరా మెరుగుపరిచినా, తెర పెద్దది చేసినా రాయల్టీ పెరుగుతుంది. ఇందులో ఏదో వెలితి ఉంది. పేటెంటు యజమానుల జవాబు తేలిగ్గా తీసేయదగ్గది కాదు: నెట్‌వర్కుకు కలవని ఫోన్‌కు కెమెరా ఎంత మంచిదైతే మాత్రం విలువెంత, అంటారు. మన కోర్టులు ఇప్పటిదాకా ఆ జవాబు వైపే మొగ్గాయి.

ఒకప్పుడు అమ్మకాల్లో ముందున్న మైక్రోమ్యాక్స్, ఇంటెక్స్, లావా, మన హైదరాబాదు సెల్‌కాన్ ఇప్పుడు ఎక్కడున్నాయి అని అడిగి, పేటెంటు కేసులే ముంచాయని తేల్చేవాళ్లున్నారు. అది సగం మాట కూడా కాదు. 2016లో జియో వచ్చి దేశాన్ని ఒక్క ఊపున 4జీ వైపు నెట్టింది, చైనా సంస్థలు తక్కువ ధరకు మంచి ఫోన్లు దించాయి, సొంత డిజైన్ లేని బ్రాండ్లు నిలవలేకపోయాయి. సెల్‌కాన్ మీద ఎరిక్సన్ దావా ఉన్నట్టు లేదు, అయినా అది వెనకబడింది. కేసులు చేసిన పని వేరు. సొంత పేటెంట్లు లేనివాడు బేరానికి కూర్చున్నప్పుడు ఎదుటివాడికి ఇవ్వడానికి డబ్బు తప్ప మరేదీ ఉండదు. నోకియా, ఎరిక్సన్, శాంసంగ్ లాంటివి తగువు పడితే చివరకు ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకునే ఒప్పందంతో లేస్తాయి. మన బ్రాండ్లకు ఆ మార్పిడి సరుకు లేకపోయింది.

2023 జులైలో నోకియా, ఓపో కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి మరో మెట్టెక్కింది. ఓపో గతంలో 2018 ఒప్పందం కింద నోకియాకు డబ్బు చెల్లించింది. గడువు తీరాక కూడా అమ్మకాలు సాగుతున్నాయి. పాత ఒప్పందం కింద చెల్లించిన మొత్తంలో 23 శాతం, అంటే ఓపో అమ్మకాల్లో భారత్ వాటాకు తగ్గట్టు, డిపాజిట్ చేయమని కోర్టు ఆదేశించింది. పేటెంటు లోతుల్లోకి వెళ్లి తేల్చకముందే పడిన డిపాజిట్ ఇది. స్టే పూర్తిగా ఆపుతుంది, డిపాజిట్ నడవనిస్తుంది కానీ మూలధనాన్ని కట్టేస్తుంది. పెద్ద సంస్థ బ్యాంకు గ్యారంటీ ఇచ్చి పని చూసుకుంటుంది. గిండీ పారిశ్రామికవాడలో పది మందితో రూటరో, మీటరో తయారుచేసే వాడికి అదే డిపాజిట్ రెండు నెలల జీతాలు.

అమెరికా కథ తెలుగు ఇళ్లలో మరోరకంగా తెలుసు. టెక్సస్‌లో మనవాళ్లు వేలల్లో ఉన్న ఫ్రిస్కో, ప్లేనో పట్టణాల్లో ఉన్న యాపిల్ దుకాణాలు రెండూ 2019 ఏప్రిల్‌లో మూతపడ్డాయి. వ్యాపారం లేక కాదు. ఆ పట్టణాలు తూర్పు టెక్సస్ ఫెడరల్ కోర్టు పరిధిలోవి. పేటెంటు యజమానులకు అనుకూలమని పేరు పడిన ఆ కోర్టులోనే 2015లో దేశం మొత్తంలోని పేటెంటు దావాల్లో నూటికి నలభైకి పైగా పడ్డాయి. అక్కడి మార్షల్ అనే చిన్న ఊళ్లో కోర్టు భవనం ముందు స్కేటింగ్ మంచు మైదానానికి శాంసంగ్ స్పాన్సర్‌గా ఉండేది. జ్యూరీలో కూర్చునేది ఆ ఊరి చుట్టుపక్కల జనమే మరి. ప్రతివాది నమోదైన రాష్ట్రంలోనో, లేదా ఉల్లంఘన జరిగి, అతనికి స్థిరమైన వ్యాపార స్థలం ఉన్న చోటో మాత్రమే దావా వేయాలని 2017లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. దుకాణం ఉంటే స్థలం ఉన్నట్టే. యాపిల్ కారణం చెప్పలేదు కానీ, దుకాణాలు ఎందుకు మూశారో పేటెంటు వకీళ్లు ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఆ దేశంలో స్టే దానంతటదే రాదని 2006లోనే ఈబే కేసులో తేలిపోయింది. అందుకని అక్కడి ఒత్తిడంతా జ్యూరీ వేసే నష్టపరిహారం మీదికి మళ్లింది. వస్తువేదీ తయారు చేయకుండా పేటెంట్లు కొని దావాలు వేసే సంస్థలకు ఆ అనిశ్చితే పెట్టుబడి. మన దగ్గర జ్యూరీ లేదు, పరిహారాలు మొన్నటిదాకా చిన్నవి, విచారణ నత్తనడక. ఆ జాతి సంస్థలు ఇక్కడ పెద్దగా వేళ్లూనకపోవడానికి కారణం మన చట్టం తెలివికంటే మన కోర్టుల ఆలస్యమేనని ఒప్పుకోవాలి. మధ్యంతర డిపాజిట్లు మామూలైపోతే ఆ రక్షణ కూడా పలచబడుతుంది.

సాఫ్ట్‌వేర్ సంగతి వేరే. కంప్యూటర్ ప్రోగ్రామ్ కేవలం ప్రోగ్రామ్‌గానే అయితే పేటెంటు లేదని 3వ సెక్షన్‌లోని కె క్లాజు చెబుతుంది. దాన్ని వదులు చేయాలని 2004లో ఆర్డినెన్సు తెచ్చారు, 2005 చట్టంలో పార్లమెంటు ఆ మార్పును ఒప్పుకోలేదు. సాంకేతిక ప్రభావం చూపగలిగితే ప్రోగ్రామ్ ఉన్నంత మాత్రాన తోసిపుచ్చకూడదని 2019లో ఢిల్లీ హైకోర్టు అంది. ఆ కేవలం అన్న మాటకు అర్థం చెప్పడానికి గిండీ లాంటి కార్యాలయాలకు మార్గదర్శకాలు ఎన్నిసార్లు మారాయో! అయినా ఆ క్లాజు పుణ్యాన మన సాఫ్ట్‌వేర్ సంస్థలు సొంతగడ్డ మీద పేటెంటు దావాల వేడి అంతగా చూడలేదు. ఇక్కడ పెద్ద కేసులన్నీ డీవీడీలు, ఫోన్లు, యాంటెన్నాలు, బైకులు.

వేడి తగిలేది విదేశీ సంస్థల పరిశోధన కేంద్రాల్లో, అదీ పరోక్షంగా. చెన్నై ఓఎంఆర్ మీద, బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న అలాంటి ఆఫీసుల్లో తెలుగు ఇంజినీర్ల బల్లల మీద చెక్క ఫలకాలు కనిపిస్తాయి. ఫలకం మీద లోహపు రేకు, దాని మీద అమెరికా పేటెంటు మొదటి పేజీ, ఆవిష్కర్తల వరసలో ఇంటిపేరు చివరికి పోయిన మనవాడి పేరు. హక్కు మాత్రం ఉద్యోగ ఒప్పందం ప్రకారం సంస్థది. ఇక్కడ ఉండి కనిపెట్టినదానికి విదేశంలో ముందుగా దరఖాస్తు పెట్టాలంటే 39వ సెక్షన్ కింద అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగాలి. ఆ అనుమతి పత్రం తప్ప మిగతా కథలో గిండీకి చోటు లేదు.

అదే ఇంజినీర్లకు చాలా సంస్థలు మరో సలహా కూడా ఇస్తాయి: ఇతరుల పేటెంట్లు చదవకండి. తెలిసి ఉల్లంఘించారని రుజువైతే అమెరికాలో పరిహారం మూడు రెట్ల దాకా పెంచవచ్చు, చదవకపోతే తెలియదని చెప్పుకోవచ్చు. పేటెంటు వ్యవస్థకు ఉన్న మూల బేరమే తలకిందులైన చోటు ఇది. రహస్యం దాచుకోకుండా లోకానికి చెబితే ఇరవై ఏళ్ల గుత్తహక్కు ఇస్తామని ప్రభుత్వం అంటుంది. ఆవిష్కర్త చెబుతాడు, ప్రచురణ అవుతుంది, దాన్ని చదివి ముందుకు వెళ్లాల్సినవాడు చదవొద్దన్న సలహాతో పక్కనుంచి వెళ్లిపోతాడు.

ఇదంతా విని పేటెంట్ల అమలే వద్దనుకుంటే అది మరో పొరపాటు. రాయల్టీ రాకపోతే పదేళ్ల ముందుచూపుతో రేడియో తరంగాల మీద పరిశోధనకు డబ్బు పెట్టేవాళ్లుండరు. ఆ బల్లకు అటువైపు కూర్చునే అవకాశం మనకూ వస్తోంది. ఐఐటీ హైదరాబాదు, ఐఐటీ మద్రాసు, వైర్‌లెస్ పరిశోధన సంస్థ సీవిట్ కలిసి రూపొందించిన 5జీఐ అనే దేశీయ 5జీ ప్రమాణాన్ని 2020 నవంబరులో అంతర్జాతీయ టెలికం యూనియన్ గుర్తించింది, తర్వాత అది ప్రపంచ 5జీ ప్రమాణంలో కలిసింది. పల్లెల్లో టవర్లు దూరంగా ఉన్నా సిగ్నల్ అందాలన్నది దాని గురి. అందులోని పేటెంట్లకు రాయల్టీ అడగాల్సిన రోజు వస్తే, ఫోన్ ధర మొత్తం మీద అడుగుతామా, చిప్ మీద అడుగుతామా? అప్పుడు మన వాదన ఏమిటో వినాలని ఉంది.

చిన్న ఆవిష్కర్త సంగతి ఈ రెండు వైపుల్లోనూ ఇమడదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు వేయడానికి వ్యక్తికి, స్టార్టప్‌కు రుసుము 1,600 రూపాయలు, పెద్ద సంస్థకు 8,000. దరఖాస్తు దాకా ప్రభుత్వం చేయిపట్టి నడిపిస్తుంది. ఆ పేటెంటును ఎవరైనా కాజేస్తే హైకోర్టులో సీనియర్ వకీలును నిలబెట్టడానికి రాయితీ ఏదీ లేదు. అటువైపు నోటీసు అందుకున్న చిన్నవాడికి చట్టంలో ఒక డాలు ఉంది. ఫ్లేమ్ కేసులో టీవీఎస్ వాడిన 106వ సెక్షన్ అదే. ఆధారం లేని బెదిరింపు అని కోర్టుకు వెళ్లవచ్చు. వెళ్లడానికీ డబ్బే కావాలి కాబట్టి చాలామంది నోటీసు చదివి, లెక్క వేసుకుని, ఎంతో కొంతకు రాజీపడతారు లేదా ఆ ఫీచర్ తీసేస్తారు. ఆ రాజీలు ఏ లా రిపోర్టులోనూ అచ్చు కావు.

కాస్త తాహతు ఉన్న సంస్థలు వస్తువు విడుదలకు ముందే జాగ్రత్త పడతాయి. ముందుగా పాత పేటెంట్లన్నీ వెతికించి అడ్డంకి ఉందో లేదో ఒక వకీలు చేత రాయించుకుంటాయి. ఆ తర్వాత సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 148ఏ కింద కేవియట్ వేస్తాయి. తమ మాట వినకుండా స్టే ఇవ్వొద్దని కోర్టుకు ముందే పెట్టుకునే విన్నపం అది. దావా ఎక్కడ పడుతుందో తెలియదు కాబట్టి చెన్నైలో ఒకటి, ఢిల్లీలో ఒకటి, ముంబైలో ఒకటి వేస్తారు. కేవియట్ ఆయుష్షు తొంభై రోజులు. తొంభై ఒకటో రోజుకు మళ్లీ వేయాలి. తంబుచెట్టి వీధి, ఆర్మేనియన్ వీధి మేడల మీది వకీలు ఆఫీసుల్లో ఆ తేదీలు గుర్తుపెట్టుకోవడం గుమాస్తా పని.